ఎడమ పక్క పాట

గుటక వెయ్యకూడదన్నారు కదా, ఇక చూడండి, షెకీనా నోట్లో ఎక్కడలేని నీళ్ళూ అప్పుడే ఊరడం మొదలెట్టాయి. మింగితే మందు చెవిలోంచి గొంతులోకి జారిపోతుందట. మాట్లాడకూడదు, కదలకూడదు, ఆవలించకూడదు. తుమ్మొస్తే ఏం చెయ్యాలో మాత్రం డాక్టరమ్మ చెప్పలేదు. కుడి చెంప దిండుకి ఆనించి, ఎడం చెవి పైకప్పుకి అప్పజెప్పి, ఆకుపచ్చ రెగ్జిన్ బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. అనకాపల్లి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైన మేడమీద ఆస్పత్రి ఇది. కింద ఆటోలు, బస్సులు, బెల్లం దిమ్మల లారీలు, కొట్టు గుమ్మంలో మైకు పట్టుకుని రండి బాబూ రండి అనే కుర్రాడు, అందరూ ఉండే ఉంటారు. వినపడే చెవి దిండులో కూరుకుపోయింది, పైకి తేలిన చెవికి వినపడదు. వారం వారం పొడిచిన సూదుల్లో ఇది ఆఖరిది. మందు ఇంకేదాకా ఇలా పడుకోబెట్టి, లేచాక గాజు గదిలో కూర్చోబెట్టి మళ్ళీ పరీక్ష చేస్తారు. చెవి లేస్తే లేచినట్టు, లేవకపోతే ఇక అంతే, కమ్మ పెట్టుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. డాక్టరమ్మ ఇంత మోటుగా అనలేదు, "చూద్దాం" అంది. అత్త సువార్త పొద్దున్న ఫోన్లో ప్రార్థన చేస్తూ చేస్తూ మధ్యలో ఆమెన్ అనకుండానే ఏడ్చేసింది. మెట్లెక్కుతున్నప్పుడు బావ, అదే, ఈ మధ్యనే మొగుడైన బావ ధనరాజ్, షెకీనా ఎక్కడ తూలి పడుతుందో అని వెనక్కి తిరిగి చూస్తూ తనే ఒక మెట్టు తప్పాడు. షెకీనాకి నవ్వొచ్చి ఉండాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. సూదికి ముందు చెవిలో తిమ్మిరి మందు వేశారు, ఆ తిమ్మిరి చెంపకి, మెడకి, ఇంకా లోపలికి పాకిందనుకుంది కాసేపు. కానీ లోపలి తిమ్మిరికి ఆ మందుతో పని లేదు, అది వారాల కిందటే వచ్చి కూర్చుంది.

చెయ్యడానికేం లేదు కనక పాట వేసుకుంది. ఫోను అక్కర్లేదు, ఆ పాట ఆమెకి బుర్రలోనే ఉంది, గొడుగు పాట. పాట కన్నా ముందు ఊపిరి వస్తుంది, పాడబోయే పిల్ల గాలి పీల్చుకునే చప్పుడు. మామూలుగా ఆ చప్పుడు వినపడకుండా తుడిచేస్తారు, ఈ పాట చేసినవాళ్ళు దాన్ని పెద్దది చేసి గుమ్మంలో నిలబెట్టారు, ఎవరో మన భుజం వెనక్కి వచ్చి ఇప్పుడే ఏదో చెప్పబోతున్నట్టు. తర్వాత వేళ్ళ చిటిక. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, మళ్ళీ ఎడమ పక్క. తర్వాత అడుగున మెత్తగా ఒక మోత, శారదా నది వంతెన మీద రైలు పోతుంటే ఇవతల రోడ్డు వంతెన మీద నిలబడ్డవాడి అరికాళ్ళకి తెలుస్తుందే, అలాంటిది. అప్పుడు సెబోమ్ పాడుతుంది. బ్యోల్బాత్ అని కొరియాలో అయిదుగురు ఆడపిల్లల జట్టు అది, వాళ్ళ భాషలో చుక్కల పొలం అట ఆ మాటకి అర్థం. ఆ పొలంలో సెబోమ్ గొంతు అన్నిటికన్నా పైన ఉంటుంది, గాజు గ్లాసు అంచు మీద తడివేలు తిప్పినట్టు. అందరికీ ఆ పిల్లే ఇష్టం. షెకీనాకి మాత్రం ఒక్హీ ఇష్టం. ఒక్హీ కింద పాడుతుంది. సెబోమ్ కుడి పక్క నిలబడి, గొడుగు తెచ్చావా అంటుంది, మాటల అర్థం షెకీనా ఇంటర్నెట్టులో చూసుకుంది. ఒక్హీ ఎడమ పక్కనించి, లేదు అంటుంది. మరెలా అంటుంది ఇది. తడుద్దాం అంటుంది అది. అంతే, పాటంతా ఇంతే, కుడి పక్క ప్రశ్న, ఎడమ పక్క జవాబు. చరణం అయ్యేసరికి మోతలన్నీ ఒక్కసారిగా ఆపేస్తారు, కరెంటు పోయినట్టు, ఆ ఖాళీలో ఇద్దరూ ఒకే మాట అంటారు. ఇద్దరి గొంతులూ రెండు చెవుల్లోనూ సమానంగా పోస్తారు. అలా సమానంగా పోస్తే గొంతు ఏ చెవిలోనూ ఉండదు, నుదుటి నడుమన వచ్చి నిలబడుతుంది, బొట్టు పెట్టుకునే చోట. షెకీనా వాళ్ళింట్లో బొట్టు పెట్టుకోరు, నుదుటి మీద అలాంటి చోటొకటి ఉందని ఆమెకి తెలిసిందే ఆ పాట వల్ల.

ఆ పాట మొదట వినిపించింది దివ్య, డిగ్రీలో బెంచీ పక్కపిల్ల, రోలుగుంట నుంచి బస్సులో వచ్చేది. బస్సు కుదుపులకి ఇయర్‌ఫోన్ వైరు ఎక్కడో తెగి, ఒక పక్కే పనిచేసేది. అయినా సిగ్గు లేకుండా, "విను, విను, సచ్చిపోతావు" అని చెవిలో కుక్కింది. షెకీనా చావలేదు కానీ ఇంటికి వెళ్ళి నాన్న దగ్గర కొత్త ఇయర్‌ఫోన్లు సాధించి, దుప్పటి ముసుగేసుకుని మళ్ళీ విన్నప్పుడు ఆ ఎడమ పక్క గొంతు విని లేచి కూర్చుంది. ఎందుకంటే ఆ పని తనది. చర్చిలో క్వయరులో షెకీనా ఆల్టో పాడుతుంది, రెండో పార్టు. కీర్తన పాడేవాళ్ళు పైన హాయిగా పాడుకుపోతుంటారు, కింద రెండో పార్టు వాళ్ళు ఒకే స్వరం మీద గేదె నీళ్ళలో నిలబడ్డట్టు నిలబడి ఉంటారు, ఎవరూ మెచ్చుకోరు, మానేస్తే మాత్రం అందరికీ ఏదో పోయినట్టుంటుంది, ఏం పోయిందో తెలీదు. క్వయరు నేర్పే తాతబ్బాయి మాస్టారు అంటారు, "అమ్మా, మీరు పునాదిలాటోళ్ళు, పునాది కనపడిందంటే ఇల్లు పడిపోయిందనే కదా అర్థం" అని. అలాంటి పునాది గొంతుని ఈ కొరియావాళ్ళు తీసుకొచ్చి, తుడిచి, ఎడమ చెవి అంతా దానికే ఇచ్చేశారు. ఒక్క ఒక్హీని నాలుగైదు సార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పరిచారు, ఏటికొప్పాకలో బొమ్మ తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించి రంగు పట్టించి, మొగలి రేకుతో నునుపు చేస్తారే, అలా, లోపల కొయ్య ఉందని కళ్ళకి తెలీదు, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. అంత మెరుగు పెట్టాక కూడా ఒక్క చోట ఒక్హీ గొంతు రవ్వంత గీరుకుంటుంది. ఆ గీర తీసెయ్యలేదు వాళ్ళు. ఆ గీర కోసం షెకీనా పాటని వెనక్కి తిప్పి తిప్పి వినేది. ఇంటర్నెట్టులో సెబోమ్ అభిమానులూ ఒక్హీ అభిమానులూ జుట్లు పట్టుకుంటుంటే, ఈ పాటలో గొంతులు కలిపిన ఆ ముఖం తెలీని మనిషికి ఒక దండం పెట్టి పడుకునేది.

నోట్లో నీళ్ళు నిండిపోయాయి. పెదవి వారన పెట్టిన దూది తడిసింది. బావ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, దూది తీసి కొత్తది పెట్టాడు, పెడుతూ ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. పరవాడ ఫార్మా కంపెనీలో షిఫ్టు చేసి తిన్నగా ఇటే వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. షిఫ్టు వల్ల అయివుంటుంది.

ఈ బావకి ఆ పాటంటే మొదట్లో ఎంత వెటకారమో. "నీ కొరియా పిల్లలు" అనేవాడు. "అయిదుగురు పాడితే యాభైమంది పాడినట్టుందేటే?" అనేవాడు. ఒక్కొక్కళ్ళని మళ్ళీ మళ్ళీ పాడించి దొంతర పెడతారు బావా అంటే, "ఓహో, దొంగ ఓట్లన్నమాట" అన్నాడు. అలాటివాడు పెళ్ళి ఊరేగింపులో డీజే కుర్రాళ్ళకి ముందే చెప్పి పెట్టి, గవరపాలెం మలుపు దగ్గర అదే పాట వేయించాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాని పాటకి బావ స్నేహితుడు మోహిత్‌గాడి జట్టంతా తీన్మార్ స్టెప్పులు వేశారు, మేనత్తలు కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వేశారు, తెల్లటి వెయిలు ముసుగు లోపల షెకీనా ముఖం రెండు చేతుల్లో కప్పుకుని నవ్వి నవ్వి కాటుక పాడు చేసుకుంది. ఆ డీజే డబ్బాల్లో ఒక్హీ లేదు, సెబోమ్ లేదు, మోతే మిగిలింది, ఎవరో పాట తోలు ఒలిచి డప్పుకి కట్టినట్టు. అయినా అంత బాగా ఆ పాట ఆమె మళ్ళీ వినలేదు. ఆ బాక్సుల వల్లేనా అని బావ డాక్టరమ్మని అడిగాడు, గొంతు ఎత్తకుండా, తల ఎత్తకుండా. కాదయ్యా, అలాగైతే రెండు చెవులూ దెబ్బ తింటాయి, ఇది నరం, ఒక్కోసారి జలుబు చేసి పోతుంది, ఒక్కోసారి ఊరికే పోతుంది, ఎందుకు పోయిందని అడగకు, ఎందుకింత ఆలస్యంగా వచ్చారని నేను అడుగుతాను అంది ఆవిడ.  నిజం చెబితే నవ్వుతుంది.

ఎలా చెబుతారు? పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే జత ఇయర్‌బడ్స్ పంచుకునేవారు, ఎడమది బావకి, కుడిది తనకి. ఇలా అని ఎవరూ అనుకోలేదు, మంచం మీద ఎవరెటు పడుకోవాలో తేలిపోయినట్టే అదీ తేలిపోయింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో, ఒకే గ్లాసులో టీ తాగుతూ, చెరో చెవీ పెట్టుకుని, కొత్త కాపురానికి అంతకన్నా ఏం కావాలి చెప్పండి. తన కుడి చెవిలో ప్రశ్నలు వినపడేవి, జవాబులు బావ దగ్గరున్నాయి కదా అనుకునేది. జవాబులు మొగుడికి ఇచ్చేశానని మురిసిపోయేది కూడా. బండి మీద వెనకాల పక్కకి కూర్చుంటే కుడి చెవే అతని వీపు పక్కకి వస్తుంది. ఫోను కుడి చేత్తోనే ఎత్తుతుంది. వంటగదిలో కుక్కరు కుడి పక్కనే ఉంది. ఇల్లంతా, కాపురమంతా కుడి పక్కే ఉన్నట్టు ఎలా కుదిరిందో అలా కుదిరింది. ఇక పడుకున్నప్పుడు బావ జబ్బ మీద కుడి చెంప పెట్టుకునేది. పెట్టుకోగానే లోకం ఆగిపోయేది. కుక్కలు మొరిగేవి కావు, లారీలు పోయేవి కావు, పక్కింటి కన్నబాబు గారి దగ్గు కూడా ఆగిపోయేది. పుట్టింట్లో చీమ నడిచినా లేచే మనిషి, ఇక్కడ రాయిలా పడి నిద్రపోయేది. అమ్మ ఫోను చేసి, "కొత్త సోటు కదా, నిద్ర పడతందా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలీక సిగ్గుపడింది. సుఖం అంటే ఇంత నిశ్శబ్దంగా ఉంటుంది కాబోలు, అందుకే పెళ్ళైనవాళ్ళెవరూ దీని గురించి చెప్పరు కాబోలు అనుకుంది. వాళ్ళు చెప్పకపోవడానికి కారణం వేరే ఏమైనా ఉండొచ్చు. తన సుఖం మాత్రం చచ్చిపోయిన చెవి. ఇప్పుడు అదే చెంప, అదే పక్క, దిండే తేడా. అదే నిశ్శబ్దం. పోల్చి చూద్దామని కళ్ళు మూసుకుంది. ఏమీ తేడా లేదు. అప్పుడు హాయి అని పేరు పెట్టిన దానికి ఇప్పుడు ఏ పేరూ లేదు.

బయటపడిన రోజు కూడా ఆ డాబా మీదే. చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, ఎవరిది ఏదో చూసుకోకుండా డబ్బీలోంచి తీసుకున్నారు, ఎడమది ఆమె చేతికి వచ్చింది, ఎడం చెవిలో పెట్టుకుంది. "నాది పలకట్లేదు బావా, చార్జింగ్ లేదు" అంది. "ఏదీ, ఇటు తే" అని అతను లాక్కుని తన రెండో చెవిలో పెట్టుకున్నాడు. పెట్టుకుని అలా నోరు తెరిచి ఉండిపోయాడు. "ఓర్నాయనో! ఇదేటే షెకీ? ఒకమ్మాయి అడగతంది, ఒకమ్మాయి సెప్తంది! ఇన్నాళ్ళూ నాకు సెప్పడమే ఇనపడింది, అడిగినోళ్ళు ఎవరో తెలీనేదు!" రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, పిల్లాడు మొదటిసారి రంగులరాట్నం ఎక్కినట్టు ఊగిపోతున్నాడు. "మజ్జిలో నిలబడ్డాదే, ఇదిగో, ఇక్కడ, ముక్కుకెదురుగా!" అంటున్నాడు. ఆమె నవ్వుతోంది. నవ్వుతూ అతని ఎడం చెవిలోది తీసి, కొంగుతో తుడిచి, తన ఎడం చెవిలో పెట్టుకుంది. ఏమీ లేదు. కుడి చెవికి మార్చింది. ఒక్హీ పెద్దగా, స్పష్టంగా, తడుద్దాం అంది. మళ్ళీ ఎడమకి మార్చింది. ఏమీ లేదు. ఇంకా నవ్వుతూనే ఉంది, అప్పటికి ఆ నవ్వు ఆపడం గుర్తులేదు. అతను అంత సంతోషంగా పాట వింటున్నప్పుడు ఎలా చెబుతుంది? సాయంకాలం టీ పెట్టినప్పుడు, పంచదార సరిపోయిందా అని అడిగినంత మామూలుగా, "బావా, నాకు ఈ సెవి ఇనపడట్లేదు" అంది.

బల్లకి ఎదురుగా గోడవారన బెంచీ మీద అప్పలకొండమ్మ కూర్చుంది. నాతవరం ముసలమ్మ, చెవి మిషను బాగుచేయించుకోడానికి వారం వారం వస్తుంది, మిషను ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇప్పుడు బావతో ఏదో చెబుతోంది, చెయ్యి గాల్లో తిప్పుతోంది. నోరు కదలడం కనపడుతోంది, మాట లేదు. సూది వెయ్యకముందు బయట వరండాలో షెకీనాని పట్టుకుంది. "ఏటమ్మా, కొత్త పెళ్ళికూతురివి, నీకేటొచ్చింది?" ఎడం చెవి పోయిందమ్మా అంది షెకీనా. "ఒకటేనా? ఒకటి పోతే ఏటవుద్ది! మొగుడి మాట ఇనకుండా ఉండాలంటే రెండూ పోవాల. నా మొగుడు బతికున్నన్నాళ్ళూ నాకు బాగా ఇనపడేది, ఏం సుఖపడ్డాను? ఆడు పోయినాక సెవులు పోయినాయి. అదే ముందు పోతే ఎంత బాగుండును!" అని తొడ చరుచుకుని నవ్వింది. బావ కూడా నవ్వాడు. నవ్వాక ముసలమ్మ ఒంగి, ఎంత చెవిటివాళ్ళైనా గుసగుస అనుకునే గొంతుతో ఆస్పత్రంతా వినపడేలా అడిగింది, "అది సరే గానీ, నీ మొగుడి గొంతు ఎలగుంటాదో గుర్తుందా? నాకు మాయాయన గొంతు గుర్తు నేదమ్మా. మొకం గుర్తుంది, మీసం గుర్తుంది. గొంతు రాదు."

షెకీనా మళ్ళీ పాట వేసుకుంది. తొందరగా వేసుకుంది. ఊపిరి వచ్చింది, చిటిక వచ్చింది. ఎడమ పక్క చిటిక ఎక్కడ? వచ్చింది కానీ కుడి పక్కే వచ్చింది. ఆపి, మళ్ళీ మొదట్నించి. సెబోమ్ అడిగింది, గొడుగు తెచ్చావా. ఒక్హీ చెప్పింది, లేదు. ఇద్దరూ ఒకే పక్కనించి చెప్పారు, ఒకే సీటు మీద ఇరుక్కుని కూర్చున్నట్టు. బుర్రలో పాటకి చెవులతో పనేముంది? ఇందాక, ఇదే బల్ల మీద, ఒక్హీ ఎడమ పక్కనే ఉంది కదా? ఉందా, ఉందని అనుకుందా? గీర వచ్చే చోటుకి వెళ్ళింది. గీర ఉంది, పల్చగా ఉంది, అది కూడా కుడి పక్కే. ఇద్దరూ కలిసి పలికే చోటుకి వెళ్ళింది. మోతలు ఆగాయి, ఖాళీ వచ్చింది, మాట వచ్చింది, నుదుటి నడుమకి రాలేదు.  ఇది భయమేమో అనుకుంది, భయపడుతున్న మనిషిని పక్కింటి కిటికీలోంచి చూస్తున్నట్టు చూసుకుంది. చెవి పోతే పోయింది, ఒక్క చెవితో బతికేవాళ్ళు ఎందరు లేరు. కానీ విన్నది కూడా ఒక్కొక్కటే జరిగి కుడి పక్కకి వచ్చేస్తే, పుట్టినప్పటినుంచి విన్నదంతా, అమ్మ ఎడమ భుజం మీద వేసుకుని పాడింది, క్వయరులో ఎడమ పక్క మొదటి పార్టు సోప్రానో వాళ్ళు పాడింది, అదంతా వచ్చి ఈ ఒక్క చెవిలో కుక్కుకుంటే, దేని చోటు ఏదో ఎవరికి తెలుస్తుంది? మొన్న ఆదివారం తాతబ్బాయి మాస్టారు పాట ఆపేసి, "షెకీనా, ఎవరి మీదకెల్తన్నావమ్మా?" అన్నారు. సోప్రానో వాళ్ళు ఆమెకి వినపడలేదు, వెనకాల ఉన్న మగవాళ్ళని పట్టుకుని పాడుకుంటూ పోయింది. తనతోపాటు రెండో పార్టు పాడే కుమారి పక్కనించి మోచేత్తో పొడిచింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది.

మొదటి పరీక్ష గుర్తొచ్చింది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, చేతిలో బటన్ పెట్టింది శ్రీదేవి, చెవి పరీక్షలు చేసే అమ్మాయి, షెకీనా ఈడుదే. పీప్‌మంటే నొక్కండి అంది. కుడి చెవిలో అన్నీ వినపడ్డాయి, దోమ రెక్కంత చిన్నవి కూడా. తర్వాత ఎడమ. చాలాసేపు ఏమీ లేదు, అప్పుడు దూరంగా, పొలం అవతల ఎవరో ఈల వేసినట్టు పీప్. నొక్కింది. మళ్ళీ పీప్. నొక్కింది. ఉంది, ఉంది, చెవి ఉంది! గాజు అవతల బావకి బొటనవేలు చూపించింది, అతను కుర్చీలోంచి లేచిపోయాడు. శ్రీదేవి తల ఊపలేదు. "ఆగండి, ఇప్పుడు కుడి చెవిలో హోరు పెడతాను, దాన్ని పట్టించుకోకండి, ఎడమ పక్క వినపడితేనే నొక్కండి" అంది. కుడి చెవిలో కుళాయి తిప్పినట్టు శ్‌మని హోరు. ఈల పోయింది. పొలమే పోయింది. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. బయటికొచ్చాక శ్రీదేవి నెమ్మదిగా చెప్పింది, "ఇందాక విన్నది మీ కుడి చెవేనండి. ఎడమ పక్క గట్టిగా వేసిన శబ్దం పుర్రెలోంచి ఇటు దాటుతుంది. బాగున్న చెవి ఊరుకోదు, పక్కదాని పని కూడా చేసేస్తుంది." అందులో తప్పేం లేదు. కుమారి మరిచిపోయిన చోట షెకీనా గట్టిగా పాడి ఎన్నిసార్లు కప్పెట్టలేదు. ఆ రోజునుంచే ఏమైనా అనిపించడం మానేసింది. ఏ సంతోషం ఎటునుంచి దాటి వస్తోందో తెలీనప్పుడు, నొక్కకుండా ఊరుకోవడమే మంచిది.

డాక్టరమ్మ వచ్చి భుజం తట్టింది. లేచి కూర్చుంటే గది ఒక్క చుట్టు తిరిగింది, బావ పట్టుకున్నాడు, నీళ్ళన్నీ ఉమ్మింది, రోడ్డు మోత ఒక్కసారిగా కుడి పక్కనించి మీద పడింది. అప్పలకొండమ్మ, "ఎల్లమ్మా, ఎల్లు, యేసుబాబు సూసుకుంటాడు, మా నూకాలమ్మకి కూడా ఓ మాట సెప్తాన్లే, ఇద్దర్లో ఎవురో ఒకరు" అంది.

గాజు గది. డొప్పలు. బటన్. ఈసారి శ్రీదేవి ముందే కుడి చెవిలో హోరు పెట్టింది. షెకీనా చూపు ఒళ్ళో చేతుల మీద పెట్టుకుంది. పాటలు విన్న ఒంట్లో తాళం ఊరుకోదు, రెండు శబ్దాల మధ్య ఎంత ఎడం ఇస్తారో ఒంటికి తెలిసిపోయింది, ఇప్పుడు వచ్చి ఉంటుంది, ఇప్పుడు వచ్చి ఉంటుంది అని బొటనవేలు లేస్తోంది. నొక్కితే కాగితం మీద చెవి ఉన్నట్టు పడుతుంది. బావ గాజు అవతల నిలబడి ఉన్నాడు, ముఖం గాజుకి అంత దగ్గరగా పెట్టాడు, ఊపిరికి అద్దం మసకబారుతోంది. నొక్కలేదు. ఒక్హీ అన్నా వస్తే బాగుండునని చూసింది, ఎవరూ రాలేదు, ఒట్టి హోరు, ఆ హోరుకి ఎడమ పక్క ఒట్టి గోడ. చిట్టచివర దవడ ఎముకలో ఏదో వణికింది. నొక్కింది. తలుపు తీసుకుని శ్రీదేవి లోపలికి వచ్చింది. "ఇది వినిపించిందా అండీ, తగిలిందా?" అని అడిగింది. ఎంత మంచి అమ్మాయి, ఏది చెబితే అది రాసుకునేలా అడిగింది. షెకీనా ఆలోచించింది. "తగిలింది" అంది.

నరం లేవలేదమ్మా, ఇంక లేవదు, ఎడమ పక్క శబ్దాన్ని కుడి పక్కకి చేర్చే మిషన్లు ఉన్నాయి, నెమ్మదిగా మాట్లాడుకుందాం అంది డాక్టరమ్మ. షెకీనా సరేనండి అంది. బావ, "బండి తీత్తాను, నువ్వు నిమ్మదిగా దిగు" అని గబగబా ముందు దిగి వెళ్ళిపోయాడు. గోడ పట్టుకుని ఆమె దిగింది, ఒక్కొక్క మెట్టే. ఏడవాలేమో అనుకుంది. అత్తకి ఏం చెప్పాలి, వచ్చే ఆదివారం ఎక్కడ నిలబడాలి, తాతబ్బాయి మాస్టార్ని అడిగి ఎడమ కొసకి వెళ్ళి నిలబడితే పాడేవాళ్ళంతా కుడి పక్కకి వస్తారు, అలా అడగొచ్చు అనుకుంది. మెట్ల కింద రోడ్డు.

"షెకీ!"

బావ గొంతు. కుడి పక్కకి తిరిగింది. బట్టల కొట్టు బొమ్మలు, పట్టు చీర కట్టుకుని చేతులు చాచి నిలబడ్డాయి. "ఏయ్ షెకీ!" మళ్ళీ కుడి పక్కనించే. అటు తిరిగింది. అటు గోడ, గోడకి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ కుడి పక్కనించే, ఎటు తిరిగితే అటు కుడి పక్కనించే, అనకాపల్లిలో ఉన్న హారన్లన్నీ, మైకులన్నీ, సైకిలు గంటలన్నీ అదే సందులోంచి తోసుకొస్తున్నాయి, వాటి నడుమ బావ గొంతు ఉంది, బావ లేడు. ఆటో అతను ఆపి, "ఏటమ్మా, ఎటెల్లాల?" అన్నాడు. ఆమె ఉన్న చోటే నిండుగా ఒక చుట్టు తిరిగింది. తిరిగేసరికి బావ ఉన్నాడు. రెండు అడుగుల దూరంలో బండి స్టాండు వేసి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎన్నిసార్లు పిలవాలే?"

"ఎక్కణ్ణించో తెలీలేదు బావా."

"ఎక్కణ్ణించేటి? ఎదురుగానే ఉన్నాను కదే." అన్నాడు గానీ, అంటూనే అతనికి అర్థమైంది. అర్థం కావడం ముఖంలో కనపడింది. గబుక్కున బండి చుట్టూ తిరిగి ఆమె కుడి పక్కకి రాబోయాడు.

"అటు రాకు" అంది షెకీనా. "అక్కడే ఉండు. అక్కణ్ణించే పిలువు."

"ఇక్కణ్ణించా? ఎందుకూ?"

"పిలువు బావా."

అతను ఆటో అతని వంక చూశాడు, కొట్టులో మైకు కుర్రాడి వంక చూశాడు, సిగ్గుపడ్డాడు. ఆమె అతని నోటి వంకే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, పైపెదవి మీద గడ్డం గీసుకున్నప్పుడు తెగిన చోటు కూడా కనపడేంత నిదానంగా. పెదాలు విడిపడ్డాయి. ముందు ఊపిరి పీల్చుకున్నాడు, భుజాలు లేచాయి. "షెకీ" అన్నాడు, అంత గట్టిగా ఏం కాదు. గొంతు కుడి పక్కనించే బయల్దేరింది, బయల్దేరి, అతని పెదాలు కదులుతుండగానే అక్కణ్ణించి జరిగి, వచ్చి అతని నోటి దగ్గర ఆగింది. ఎదురుగా. ఎడమ చెంప తిమ్మిరిగానే ఉంది, దాని మీదుగా ఏదో వెచ్చగా జారుతున్నట్టు గడ్డం దగ్గరికి వచ్చాక గానీ తెలీలేదు.

"ఇంకోసారి" అంది.